నలభై ఒకటో రోజు

మొన్న శుక్రవారం ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చేసరికి మా అబ్బాయి కొత్త ఆటల యంత్రాన్ని టీవీ పక్కన నిలబెట్టి ఉంచాడు. రెండు తెల్లటి రెక్కల మధ్య నల్లటి ఒళ్లు. కువైట్‌లో అబ్బాసియాలోని మా ఇరుకు హాల్లోకి ఎవరో కొత్త మనిషి వచ్చి, కూర్చోమని చెప్పేదాకా నిలబడే ఉన్నట్టు అనిపించింది. దానికి డిస్కు పెట్టే నోరు లేదు, కార్డు దూర్చే గాడి లేదు. మరి ఆడిన ఆటంతా ఎక్కడ దాచుకుంటుందిరా అని అడిగాను. వాడు చెయ్యెత్తి సీలింగు వైపు చూపించి, "పైన, మమ్మీ," అన్నాడు.

వాడు మామూలుగానే అన్నాడు. పైన దాచుకోవడం గురించి సహవాసంలో వింటూ పెరిగినదాన్ని కాబట్టి నేను ఆ మాట దగ్గర ఆగిపోయాను. లోపలికి వెళ్లి అమ్మ వాడిన పరిశుద్ధ గ్రంథం తీశాను. దాని తోలు కవరు వెనక అరలో నల్లటి కార్డు ఒకటి ఉంది, చిన్న బిస్కెట్టంత. ఉందని చూసుకుని మళ్లీ జిప్పు వేశాను. ఏడాదికి ఒకటి రెండుసార్లు అలా చూసుకోవడం నాకు అలవాటు. ఎందుకో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఈ యంత్రాల వంశమంతా మా ఇంటికి ఫింటాస్ నుంచి దిగివచ్చింది. అమ్మ అక్కడ సముద్రానికి దగ్గర్లో ఒక కువైటీల ఇంట్లో పనిచేసేది. నాయన కంపెనీలో డ్రైవరు. పొద్దున్నే అమ్మను ఆ ఇంటి గేటు దగ్గర దించి పనికి పోయేవాడు. ఆ ఇంట్లో ఒక అబ్బాయి ఉండేవాడు, నాకంటే ఏడాది చిన్న. పాకే వయసు నుంచి వాణ్ణి పెంచింది అమ్మే. వాడు మొదట నేర్చిన మాటల్లో రెండు మూడు కడప మాటలు ఉండేవని, వాళ్లమ్మ నవ్వేదని అమ్మ చెప్పేది. యజమానురాలిని అమ్మ అందరిలాగే మామా అని పిలిచేది.

ఆ ఇంటికి ఒక పద్ధతి ఉండేది. కొత్త వస్తువు వస్తే తప్ప పాతది గడప దాటదు. కొత్త ఫ్రిజ్ వచ్చిన రోజు పాత ఫ్రిజ్ మాకు వచ్చింది. కొత్త బడిసంచి వచ్చిన రోజు పాత సంచి నా భుజానికి ఎక్కింది. అట్లా ఒక సాయంత్రం నాయన పికప్‌లో, రేకు కాగితంలో చుట్టిన మచ్బూస్ అన్నంతో పాటు, మూత తెరుచుకునే బూడిదరంగు ఆటల డబ్బా ఒకటి వచ్చింది. అప్పటికే ఆ అబ్బాయికి రెండో రకం కొన్నారన్నమాట. అమ్మ ఆ అన్నంలో పచ్చిమిరపకాయలు చీల్చి వేసి, చెనిక్కాయల పొడి చల్లి, మా నాలుకలకు సరిపోయేట్టు మళ్లీ వేయించింది. మేము గిన్నె ముందు పెట్టుకుని ఆ డబ్బా చుట్టూ కూర్చున్నాం. దాని తీగలమీద పంటిగాట్లు ఉన్నాయి. మా తమ్ముడు వాటిని వేలితో తడిమి, ఆ షేక్ బిడ్డకు మనకంటే ఆకలెక్కువ అన్నాడు.

కొన్నాళ్లకు ఆ డబ్బా ముసలిదైంది. బోర్లా తిప్పి పెడితేనే డిస్కు తిరిగేది. ఒక్కోసారి అప్పుడు కూడా తిరిగేది కాదు. తమ్ముడు మా సంఘం అయ్యగారిలా కళ్లు మూసుకుని, దాని నెత్తిన చెయ్యి పెట్టి, లే, తిరుగు అని గంభీరంగా గద్దించేవాడు. నేను పక్కన కూర్చుని ఆమెన్ అనేదాన్ని. అది తిరిగినప్పుడల్లా ఇద్దరం దాన్ని అద్భుతాల లెక్కలో వేసుకున్నాం. పవిత్రమైనదాన్ని ఎగతాళి చేశామని ఇప్పుడు తెలుసు. దేవుడు పిల్లల్ని క్షమిస్తాడు.

మా ఆరాధన ఒక బిల్డింగు కింది అంతస్తులో, టైలరు షాపుల వెనక హాల్లో జరిగేది. కొత్త బట్ట వాసన, ఇస్త్రీ ఆవిరి, తడిసిన తివాచీ వాసన, పైనుంచి డేగిసాలో ఉడికే బిర్యానీ వాసన. వాక్యం అయిపోయాక ప్రార్థన మనవులు చెప్పుకునేవాళ్లం. ఎవరి బాధ వాళ్లు లేచి నిలబడి చెప్పాలి, అందరూ విని మోకాళ్లూనాలి. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా ఆగిపోయినవాళ్లు, వీసా ఇచ్చిన కఫీల్ జీతం ఇవ్వనివాళ్లు, ఊళ్లో బిడ్డకు జ్వరం వచ్చినవాళ్లు. ఒక వేసవిలో అమ్మ వరసగా ఏడెనిమిది శుక్రవారాలు లేచి ఒకటే మనవి చెప్పింది. ఫింటాస్ ఇంట్లో బిడ్డకు రక్తం జబ్బు, స్వస్థత కావాలి. ఆ తర్వాతి శుక్రవారం కూడా లేచింది. ఇంక బిడ్డ కోసం వద్దు, ఆ తల్లికి ఓదార్పు కోసం చేయండి అని కూర్చుంది.

ఆ ఇంటికి మూడు రోజులు పరామర్శకు జనం వచ్చారు. ఆ మూడు రోజులూ చిన్న చిన్న కప్పుల్లో గహ్వా కాఫీ పోసింది అమ్మే. అమ్మను ఎవరూ పరామర్శించలేదు. పనిమనిషికి దుఃఖం ఉంటుందని అక్కడ ఎవరికీ తోచలేదు. మాకూ తోచలేదు.

రెండు వారాల తర్వాత అమ్మ ఒక నల్లటి చెత్తసంచి పట్టుకుని ఇంటికి వచ్చింది. అందులో రెండో యంత్రం ఉంది. నల్లగా, లావుపాటి పుస్తకంలా నిలబడే రకం. దాని కార్డు దానికే ఉంది. తమ్ముడు ఎగిరి గంతేసి, అయితే ఆ ఇంట్లో మూడోది కొన్నారా అని అడిగాడు. అమ్మ చెప్పులు విడుస్తూ, "మామా చూడలేకుండాది. తీస్కపొమ్మన్నాది," అంది. అంతే చెప్పింది.

కొత్తది రాకుండానే పాతది మా గడప తొక్కడం అదే మొదటిసారి.

దాన్ని ఆన్ చేసిన మొదటి రోజే ఒక సంగతి గమనించాం. యంత్రం వేడెక్కేకొద్దీ దాని కంతల్లోంచి వాసన వచ్చేది. ఊదు చెక్క, బఖూర్ పొగ. ఆ ఇంటి గదుల్లో రోజూ వేసే ధూపం దాని కడుపులో పేరుకుని ఉంది. మా ఇంట్లో తాలింపు వాసన, తడిబట్టల వాసన తప్ప ఇంకో వాసన ఉండేది కాదు. అరగంట ఆడేసరికి మా గది మా గదిలా ఉండేది కాదు, ఎవరింటికో వచ్చి కూర్చున్నట్టు ఉండేది. తమ్ముడు గొంతు తగ్గించి మాట్లాడేవాడు, ఎందుకో వాడికీ తెలియదు.

కార్డులో ఆ అబ్బాయి దాచుకున్న ఆట ఒకటి ఉంది. తోట ఆట. గడ్డిటోపీ పెట్టుకున్న తోటమాలి ఒకడు చిన్న మడి గట్టున నిలబడి ఉంటాడు. వెనక గుడిసె, ఇటువైపు బావి, సాయంత్రపు ఎర్రటి వెలుగు. ఆ గుడిసెలోకి పోయి మంచమ్మీద పడుకుంటే తప్ప ఆ ఆటలో మరుసటి రోజు రాదు. ఎంతసేపు నిలబెట్టినా ఆ పొద్దు అట్లాగే ఉంటుంది. పైన నలభై ఒకటో రోజు అని, కింద రెండువందల పన్నెండు గంటలు ఆడినట్టు ఉంది. మేము ఒక్కసారి తెరిచి చూశాం. ఏ బొత్తామూ నొక్కకుండా ఊరకే ఉంటే వాడు కాసేపటికి టోపీ తీసి, నుదురు తుడుచుకుని, తల తిప్పి సరిగ్గా మా వైపు చూశాడు. తమ్ముడు తటాలున ఆఫ్ చేశాడు. చచ్చిపోయినోడిది మనం తాకకూడదని ఒప్పందం చేసుకుని, దాని కింద మా ఆట వేరే మొదలుపెట్టుకున్నాం.

మా ఆట తెరవాలన్నా పైన వాడి ఆట కనిపించేది. వారం తిరక్కుండానే తమ్ముడు నా చెయ్యి గిల్లి వేలు పెట్టి చూపించాడు. రెండువందల పదిహేను గంటలు. మర్నాడు పదిహేడు. ఆ మర్నాడు పంతొమ్మిది. రోజు మాత్రం నలభై ఒకటే. మడిలో ఒక్క మొక్క పెరగలేదు, చేతిలో ఒక్క గింజ తగ్గలేదు. ఎవరో తెరిచి, ఏమీ చేయకుండా గంటల తరబడి ఉండి, మళ్లీ భద్రంగా దాచి వెళుతున్నారు.

మేము బడికి పోయేది ఆరున్నరకు, వచ్చేది ఒకటిన్నరకు. తలుపు తాళం నా మెడలో ఉండేది. అమ్మ రెండు గంటలకు చేతిలో వేడివేడి ఖుబ్జ్ రొట్టెలతో వచ్చేది. నాయన చీకటి పడ్డాకే. ఇంట్లో మనిషి లేని వేళే ఆ గంటలు పెరుగుతున్నాయి.

ఒక పొద్దున బడికి పోయేముందు తమ్ముడు ఒంటికి రాసుకునే పౌడరు డబ్బా తెచ్చి, చేత్తో పట్టుకుని ఆడే ఆట పలకమీద పలచగా చల్లాడు. మధ్యాహ్నం వచ్చి కిటికీ పరదా తీసి చూశాం. నడిపించే పుల్లలమీద పౌడరు చెదరలేదు. ఆట తెరవడానికీ దాచడానికీ నొక్కే ఒక్క బొత్తాం మీద, ఒక్క వేలిముద్ర ఉంది. ఇద్దరం ఆ గదిలో నిలబడలేక మెట్లమీద కూర్చున్నాం, అమ్మ వచ్చేదాకా. ఆమె మెట్లెక్కి వస్తూ మా ముఖాలు చూసి, తాళం పోగొట్టుకున్నారా అని అడిగింది. నేను లేదన్నాను. ఆమెకు చెబితే భయపడుతుందనుకున్నాను. అక్కడ నేను ఆమెను అడిగి ఉంటే ఈ కథ లేదు.

అడగకుండా నేను చేసింది మా సంఘంలో పెరిగిన పిల్ల చేసే పని. శుక్రవారం ప్రార్థన మనవుల వేళ లేచి నిలబడ్డాను. పిల్లలు లేవడం అరుదు కాబట్టి అందరూ ఇటు తిరిగారు. చెప్పాను.

"మా ఇంట్లో ఫింటాస్ అబ్బాయి వచ్చి ఆడుకుంటాండాడు. చచ్చిపోయినోడు. దినామూ వస్తాండాడు."

తమ్ముడు గంటల లెక్క మొత్తం అప్పజెప్పాడు. పక్క షాపు టైలరమ్మ, మాకు ఆంటీ, ఎంత భయంలోనూ నోరు ఊరకుండని మనిషి, అమ్మ చెవిలో అన్న మాట నాకు వినిపించింది. "మీ ఇంటికొచ్చేటియన్నీ సెకండ్ హ్యాండే గదమ్మే. దయ్యం గూడా సెకండ్ హ్యాండే వచ్చినట్టుండాది."

అమ్మ నవ్వలేదు. నా వైపు చూడలేదు. కొంగు తలమీద సర్దుకుని నేలచూపు చూస్తూ కూర్చుంది. అయ్యగారు వారమంతా షువైఖ్‌లో గోడౌను చూసుకునే మనిషి, తొందరపడే రకం కాదు. అయినా చనిపోయినవారిని పలకరించడం గురించి లేఖనం ఎంత కఠినంగా చెబుతుందో ఆయనకు తెలుసు. సోమవారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన పెడదామని, ఆ కార్డును అందరి ముందు పగలగొట్టి బయట పారేద్దామని నిర్ణయించాడు. అమ్మ సరేనని తలూపింది.

శనివారం, ఆదివారం గంటలు పెరగలేదు. అందరూ కలిసి చేసిన ప్రార్థన పనిచేసిందని తమ్ముడూ నేనూ సంతోషించాం. అమ్మ మాత్రం సంగటి ముద్ద ముందు పెట్టుకుని తినకుండా కూర్చుండిపోయేది. పనికి పోయి అలిసిపోయింది కాబోలనుకున్నాం.

సోమవారం పొద్దున పది దాటాక గాలిదుమారం లేచింది. బడి కిటికీలు మొదట పసుపురంగయ్యాయి, తర్వాత ఇటుకరంగు. పదకొండుకల్లా పిల్లల్ని ఇళ్లకు పంపేశారు. తమ్ముడూ నేనూ ముక్కులకు రుమాళ్లు కట్టుకుని, గోడలు పట్టుకుని నడిచాం. పళ్ల మధ్య ఇసుక కరకరలాడింది. పట్టపగలు దీపాలు వెలిగించుకున్న కార్లు చప్పుడు లేకుండా పాకుతున్నాయి. మా మెట్లు ఎక్కుతుండగానే నాకు ఊదు వాసన తగిలింది. తలుపుకు లోపల గడియ పెట్టి లేదు. తాళం తిప్పి తోశాను.

పరదాలు వేసి ఉన్నాయి. టీవీ ఎర్రటి వెలుగులో అమ్మ చాపమీద మాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. ఒళ్లో ఆట పలక ఉంది, రెండు చేతులూ దానికి దూరంగా మోకాళ్లమీద ఉన్నాయి. తెరమీద తోటమాలి టోపీ తీశాడు, నుదురు తుడుచుకున్నాడు, తల తిప్పాడు. వాడు అమ్మను చూస్తున్నాడు, అమ్మ వాణ్ణి చూస్తోంది. నోటిలో ఏదో మాట్లాడుతోంది, ప్రార్థనో ముచ్చటో నాకు తెలియలేదు. ఆ క్షణంలో ఆమె మా అమ్మే అని గుర్తుపట్టడానికి నాకు కొంత సమయం పట్టింది.

తమ్ముడు ఏడుపు మొదలుపెట్టాడు. అమ్మ తిరిగి చూసింది. భయపడలేదు, దొరికిపోయినట్టు కూడా లేదు. ఇటు రమ్మని చేత్తో పిలిచింది.

చెప్పాల్సినదంతా అప్పుడే చెప్పింది. బిడ్డ పోయాక ఆ ఇంట్లో ఆమెకు పని సగమైంది. పది దాటగానే పంపేస్తున్నారు, ఇంకో తాళం చెవితో ఇంట్లోకి వస్తోంది. మేము వచ్చే వేళకు దుకాణానికి దిగి, రొట్టెలు కొనుక్కుని, బస్సు దిగినదానిలా మెట్లెక్కి వస్తోంది. ఆ అబ్బాయి ఆడుకుంటూ ఉండగా అజాన్ వినిపిస్తే లేచి తండ్రితో మసీదుకు పరిగెత్తేవాడు. పోతూ పోతూ, యల్లా, దాచిపెట్టు అని ఆమెకు అరిచి పోయేవాడు. ఏ బొత్తాం నొక్కితే తెరుచుకుంటుందో, దాచడం ఎట్లాగో వాడే నేర్పాడు. ఏళ్ల తరబడి వాడి ఆట దాచింది ఆమే. ఆసుపత్రికి పోయిన రోజు కూడా వాడు అట్లాగే చెప్పి పోయాడు.

"నాకు నడిపీను రాదుమ్మా," అంది అమ్మ. "మూసిపెట్టను మాత్రమే నేర్పిచ్చినాడు. నేను యాడికీ తీస్కపోలేను వాణ్ణి. నిలబడుకోనుండాడు, ఎవురన్నా వస్తారేమోనని. రోంతసేపు ఎదురుగ్గా కూర్చుంటాండా. అంతే."

మరి శుక్రవారం అందరి ముందు ఎందుకు చెప్పలేదని నేను అడిగాను. ఆ ప్రశ్న అడిగే హక్కు నాకు లేదు. అయినా ఆమె జవాబిచ్చింది. "చెప్తే ఇంక కూర్చోలేను గదా."

సాయంత్రానికి దుమారం తగ్గింది గానీ కిటికీలమీద ఇసుక పొర అట్లాగే ఉంది. తొమ్మిదిమంది వచ్చారు. గుమ్మం దగ్గర చెప్పుల వరస, లోపల సులేమానీ టీ, తడిగుడ్డతో తుడిచిన నేల వాసన. రెండు పాటలు పాడారు. అయ్యగారు ప్రార్థించి, ఆ కార్డు ఇమ్మని చెయ్యి చాచాడు. నాయన సుత్తి తెచ్చి చాపమీద పెట్టాడు. నేను నోరు తెరవాలి, అది దయ్యం కాదని చెప్పాలి. నేను సుత్తి వైపే చూస్తూ కూర్చున్నాను.

అమ్మ లేచి నిలబడింది, ప్రార్థన మనవికి లేచినట్టే. మాకు చెప్పినదంతా వాళ్లకూ చెప్పింది. ఒక్క మాట తగ్గించలేదు. పిల్లలు అబద్ధం చెప్పలేదని, వాళ్లకు తెలియక భయపడ్డారని కూడా చెప్పింది. టైలరాంటీ కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగిపోయింది. అయ్యగారు లేఖనంలో బిడ్డ జబ్బుపడితే ఏడు రోజులు నేలమీద పడి ఉపవాసమున్న రాజు సంగతి ఎత్తాడు. మా అందరికీ తెలిసిన భాగమే.

"బిడ్డ పోయినాడని తెలిసినాక ఆ రాజు లేచినాడమ్మా. ముఖం కడుక్కున్యాడు, అన్నం తిన్యాడు. నువ్వింకా లేయలేదు," అన్నాడు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నేను దాన్ని తాకను. వాణ్ణి పెంచింది నువ్వు."

అమ్మ టీవీ ఆన్ చేసింది. అందరూ చూస్తుండగా ఆ ఎర్రటి వెలుగు గదిలో పరుచుకుంది. మెల్లగా ఊదు వాసన లేచింది. తమ్ముడి చేతిలో పలక పెట్టి, "వాణ్ణి ఇంట్లోకి పోనీ నాయనా. ఎంతసేపని నిలబడతాడు," అంది.

తమ్ముడు పుల్ల తోశాడు. అన్ని రోజులుగా మావైపే చూస్తూ నిలబడినవాడు మొదటిసారి వెనక్కి తిరిగాడు. బావి దాటాడు, మడి గట్టు దాటాడు, గుడిసె తలుపు దగ్గరకు పోయాడు. అక్కడ ఆగాడు. టోపీ తీసి, నుదురు తుడుచుకుని, తల తిప్పి గదిలోకి చూశాడు. పుల్లమీద నుంచి వేలు తీయలేదని తమ్ముడు ఈ రోజుకీ చెబుతాడు. మేము ఒట్లు పెట్టుకునే మనుషులం కాదు, మాకు అవునంటే అవునే. వాడు అవునంటాడు.

అమ్మ తెరవైపు తలూపింది. తోటమాలి లోపలికి పోయాడు, మంచమ్మీద పడుకున్నాడు. తెర నల్లబడింది. ఆట దాచబడుతోంది, కార్డు తీయవద్దు అని తెల్లటి అక్షరాలు వచ్చాయి. అప్పుడు కార్డు లాగితే దాచినదంతా నాశనమవుతుందని ఆ ఇంటి అబ్బాయి అమ్మకు నేర్పిన మొదటి పాఠం. అమ్మ వంగి, తొందర లేకుండా, కార్డు లాగేసింది.

సుత్తి అవసరం పడలేదు. నాయన దాన్ని తీసి సంచిలో పెట్టుకున్నాడు. ఆ రాత్రి అమ్మ రెండు సంగటి ముద్దలు తింది.

వారం తర్వాత తమ్ముడూ నేనూ ఎవరూ చూడకుండా ఆ కార్డు మళ్లీ పెట్టి చూశాం. వాడి ఆట లేదు, మా ఆటా పోయింది. పట్టిక ఖాళీగా ఉంది. కానీ కార్డు పూర్తిగా ఖాళీ కాదు, ఒక చోటు నిండి ఉందని చూపించింది. పేరు లేదు, బొమ్మ లేదు, ఒక బూడిదరంగు గడి. తుడిచేయమంటే తుడవలేనంది. అమ్మకు చూపిస్తే కార్డు తీసుకుని తన గ్రంథం కవర్లో పెట్టుకుంది.

ఆ ఇంట్లో తర్వాత ఇంకో బిడ్డ పుట్టాడు. అమ్మే పెంచింది. వాడు ఎదిగాక మూడో రకం, ఉబ్బిన పొట్టతో మెరిసేది, వాడు ఆడి విడిచాక మా ఇంటికి దిగింది. దానికి కార్డు లేదు, అన్నీ కడుపులోనే దాచుకునేది. ఆ తర్వాత నాలుగోది, ఏటవాలుగా కోసిన కేకు ముక్కలాంటిది. రెండూ పద్ధతి ప్రకారమే వచ్చాయి, కొత్తది వచ్చాకే పాతది. వాటి కంతల్లోనూ ఊదు వాసన ఉండేది. నేను కొంచెం దూరంగానే కూర్చునేదాన్ని.

అమ్మ ప్రభువు దగ్గరకు వెళ్లి కొన్నేళ్లయింది. నేను ఇప్పుడు శుక్రవారాలు పిల్లలకు వాక్యం చెబుతాను. సమాధి దగ్గర ఏడుస్తూ నిలబడిన స్త్రీ, ఎదురుగా ఉన్న ప్రభువును చూసి తోటమాలి అనుకున్న భాగం వచ్చినప్పుడు పిల్లలు నవ్వుతారు. నేను నవ్వను. ఏడ్చిన కళ్లకు ఎవరు ఎవరిలా కనిపిస్తారో నేను చూశాను. చూసి, ఆ ఏడుపును దయ్యమని పదిమందిలో చెప్పినదాన్ని నేనే. ఆమె ఒక్కనాడూ నన్ను దానికి నిలదీయలేదు. అందుకే నేను మరిచిపోలేదు.

మొన్న శుక్రవారం ఆ జిప్పు వేస్తుండగా మా అబ్బాయి వచ్చి, అదేంటి మమ్మీ, అందులో ఏముంది అని అడిగాడు.

ఒక అబ్బాయి నిద్రపోతున్నాడని చెప్పాను. లేపుదాం అన్నాడు వాడు, చెయ్యి చాచి. దాన్ని పెట్టే గాడి ఇప్పుడు ఏ యంత్రానికీ లేదని చెప్పాను. లేపేవాడు వేరే ఉన్నాడని కూడా చెప్పాను. వాడు తలుపు దగ్గర ఆగి, నుదుటిమీది చెమట తుడుచుకుని, ఒకసారి వెనక్కి తిరిగి నా చేతిలోని గ్రంథం వైపు చూసి, ఆటకు వెళ్లిపోయాడు.